తొమ్మిది గొంతుల డబ్బా

నేను పదో తరగతితో ఆగిపోయాను. చదువు మాత్రం ఆగలేదు. హన్మకొండ లైబ్రరీలో నేను ముట్టని బీరువా లేదని ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను. ఎనభైల్లో, సుబేదారిలో నేను టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌కు కంప్యూటర్ వచ్చినప్పుడు, దాన్ని ముట్టుకోవాలంటే డిగ్రీ కావాలన్న వాళ్ల మాట అందుకే లెక్కచేయలేదు.

దాన్ని ఇన్‌స్టిట్యూట్ నడిపే మా సార్ బావమరిది దుబాయ్ నుంచి తెచ్చాడు. టీవీకి తగిలిస్తే పనిచేసేది. మీటల మీద ఇంగ్లిష్ అక్షరాల పక్కన అరబీ అక్షరాలుండేవి. దాంతోపాటు సబ్బుపెట్టెంత కార్ట్రిడ్జ్ ఒకటి వచ్చింది. కంప్యూటర్ లోపలి చిప్ ఒకేసారి మూడు స్వరాలు పలికేది. కార్ట్రిడ్జ్‌ను పైనున్న సందులో దించితే మరో తొమ్మిది గొంతులు కలిసేవి. వాటిని ఎలా పలికించాలో చెప్పే పుస్తకం జపాన్ భాషలో ఉంది. ఆ భాషకు మాత్రం మా లైబ్రరీలో దిక్కు దొరకలేదు. ఒక్కో అంకె మార్చి వినడం మొదలుపెట్టాను. ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో ధ్వని పాఠం చదివి స్వరాలకు లెక్కలు కట్టాను. లోపలి చిప్‌లో అంకె పెంచితే స్వరం కిందికి దిగేది, కార్ట్రిడ్జ్‌లో పెంచితే పైకెక్కేది. ఈ తిరకాసు అంతుపట్టేదాకా నేను వాయించిందంతా పిల్లులు కొట్లాడుకున్నట్టే ఉండేది.

సార్‌కు ఇది నచ్చలేదు.

"ఏంది చెల్లె, పోరగాళ్లకు కంప్యూటర్ నేర్పుదామని పెడితే నువ్వు బాజా వాయిస్తానవ్?"

"క్లాసులు అయిపోయినంకనే వాయిస్తాన సార్."

"గది సంగీతమా? టెలిఫోన్ ఖరాబైనట్టుంది."

"హార్మోనియం కొత్తగొచ్చినప్పుడు గూడ గిట్లనే అన్నరట. పుస్తకంల చదివిన."

"నీ పుస్తకాలకో దండం తల్లీ!"

చౌరస్తాలో వీడియో గేములు నడిపే ఆయన ఆ కార్ట్రిడ్జ్ కావాలని తిరుగుతున్నాడు. అది పెడితే గేముల్లో పాటలు బాగా మోగుతాయట. ఎవరికైనా పనికొస్తుందని చూపిస్తే ఉంచుతాను, లేకుంటే బతుకమ్మ పండుగ కాగానే అమ్మేస్తానన్నాడు సార్. ఇన్‌స్టిట్యూట్ ముందున్న ఖాళీ జాగాలోనే మా వాడ ఆడవాళ్లు బతుకమ్మ ఆడేవాళ్లు. వాళ్ల పాటే ఎక్కిస్తానన్నాను.

బాణీకి ఒక గొంతు, శ్రుతికి రెండు, కోరస్‌కు మిగిలినవి పంచాను. చప్పట్లకు తిప్పలు పడ్డాను. చివరికి లోపలి చిప్ చేసే బుస్సుమనే చప్పుడును మొదట్లోనే తెగ్గోస్తే అచ్చం చప్పట్లలాగే వినిపించింది.

పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ సాయంత్రం, టీవీని వరండాలో పెట్టి, మైక్ సెట్ అద్దెకిచ్చే అతని మైకును దాని ముందు నిలబెట్టాను. పక్కింటి పెద్దమ్మ ఎప్పటిలాగే పాట ఎత్తుకోవడానికి ముందు నిలబడింది. మీట నొక్కాను. పాట మొదటి వరుసలు గొప్పగా నడిచాయి. ఆ తర్వాత చప్పట్లు ఎటో, చేతులు ఎటో. వంగి చప్పట్లు కొట్టాలి, లేవాలి, అడుగు వేయాలి, మళ్లీ వంగాలి. కాళ్లకు అడ్డం పడే పట్టుచీరలు, చంకలో పిల్లలు, మోకాళ్ల నొప్పులు. కుర్చీలో కూర్చుని నేను రాసిన పాటలో ఇవేవీ లేవు. ఒకరికొకరు తగిలి వలయం తెగిపోయింది.

"నీ డబ్బకు నడుం లేదానె బిడ్డా?" పెద్దమ్మ అరిచింది. "మేం వంగకముందే సప్పట్లు కొడ్తాంది!"

"దానికి మోకాళ్ల నొప్పుల్లేవు పెద్దమ్మా, నీకున్నయ్," అందొక కోడలు పిల్ల. అందరూ నవ్వారు.

"బంద్ జెయ్ తల్లీ, నోటితోనే పాడుకుంటం."

బంద్ చేశాను. సార్ గేటు దగ్గరే ఉన్నాడు. "అయిపాయె గద చెల్లె? సద్దులు కాంగనే ఆయనకిచ్చేస్త."

"సద్దులింక కాలే గద సార్."

నేను తలదించుకోలేదు. ఆఖరి రోజు సద్దుల బతుకమ్మకు ఇంకా ఎనిమిది రోజులున్నాయి. నేను చదివిన పుస్తకాల్లో తాళం ఎప్పుడూ ఒకే తీరుగా నడుస్తుంది. వాటిని రాసినవాళ్లెవరూ బతుకమ్మ ఆడి ఉండరు. రోజూ సాయంత్రం వాళ్ల పక్కన నిలబడి చూశాను. పిల్లలు చేరితే ఆట ఉరుకుతుంది. ముసలివాళ్లు చేరితే నిదానిస్తుంది. పెద్దమ్మ కొత్త వరుస కట్టడానికి ఆలోచిస్తే ఆగుతుంది కూడా. కంప్యూటర్ తన గడియారం ప్రకారమే నడుస్తానంటే, ఆ గడియారాన్నే పీకేయాలి. ప్రోగ్రామ్‌లో కాలం కొలిచే భాగం తీసేసి, స్పేస్ బార్ నొక్కితేనే పాట ఒక చప్పట ముందుకు జరిగేలా మార్చాను. నొక్కుకూ నొక్కుకూ మధ్య ఎడాన్ని బట్టి మిగతా స్వరాలు సర్దుకునేవి.

"గట్లయితే వాయించేది నువ్వా, మిషనా?" అన్నాడు సార్.

"ఇద్దరం."

సద్దుల బతుకమ్మ నాడు మళ్లీ వరండాలో కూర్చున్నాను. మీటల వైపు చూడకుండా కొట్టడమే నా బతుకుదెరువు. వేళ్లు స్పేస్ బార్ మీద, కళ్లు పెద్దమ్మ మీద. ఆమె వంగితే నొక్కాను. ఆమె ఉరికితే ఉరికాను. మూడూ తొమ్మిదీ అన్ని గొంతులూ ఆమె వెనకే నడిచాయి. మధ్యలో పెద్దమ్మ కావాలనే ఆగి, నా వైపు చూస్తూ తీరిగ్గా కొంగు దోపుకుంది. శ్రుతి ఒక్కటే సన్నగా మోగుతూ ఆమె కోసం ఆగింది. మళ్లీ వంగింది, పాట మళ్లీ కదిలింది.

అప్పుడు పెద్దమ్మ గొంతు పెంచింది. పండుగ పూట ఆడబిడ్డల డబ్బా అమ్ముకునే అన్న ఒకడున్నాడని అప్పటికప్పుడు వరుస కట్టి, వాడికి బుద్ధి చెప్పండని పాడింది. వాడ మొత్తం అందుకుంది. మైకులో నా తొమ్మిది గొంతులూ అందుకున్నాయి. సార్ గేటు దగ్గర నుంచి మెల్లగా లోపలికి జరిగాడు.

మర్నాడు గేముల ఆయన వచ్చాడు. సార్ నా వైపు చెయ్యి చూపాడు.

"ఇస్తరా, ఇయ్యరా చెల్లె?" అన్నాడు గేముల ఆయన.

"ఇయ్యం అన్నా. జర కూసో, ఒక పాట ఇనిపిస్త."

అతను కూర్చోలేదు. గేటు దాటేదాకా వినిపించాను.