బావ లోపలి ప్రార్థన

మొన్న గుంటూరులో కళ్లద్దాల కోసం ఆసుపత్రిలో కూర్చుంటే, పక్కావిడ ఫోనులో కొడుకు గురించి చెబుతోంది. “అదే జబ్బంట, కానీ పదేపదే చేతులు కడుక్కోవడం లాంటివేం లేవు వదినా. ఊరికే కూర్చుంటాడు. లోపలే ఏదో చేసుకుంటాడంట.” ఆ మాటతో నాకు మా బావ గుర్తొచ్చాడు. ఎనభైల్లో, చంటిబిడ్డతో ఉన్న అక్కకు సాయంగా వెళ్లి ఆ ఇంట్లో గడిపిన మిరప సీజను గుర్తొచ్చింది.

బావ చిలకలూరిపేట దగ్గర పల్లెలో బడిపంతులు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలో ఉండగానే ఆగిపోయేవాడు. పెదవులు కదిలేవి కావు, చూపు గోడ మీదుండేది. వంట నాది కాబట్టి ఉప్పెక్కువైందేమోనని హడలిపోయేదాన్ని. “కదిలించకండే, ప్రార్థనలో ఉన్నాడు” అనేది వాళ్లమ్మ. ఆయన భక్తిని చూసి నేర్చుకోమని పాస్టరుగారు కుర్రాళ్లకు చెప్పేవారు. ఒక్కటే లోటు. పాపను ఎత్తుకునేవాడు కాదు. జలుబనో, చేతులకు సుద్ద అంటిందనో తప్పించుకునేవాడు. ఆడపిల్లని కాబోలని అక్క లోలోపల కుమిలిపోయేది.

ఒక మధ్యాహ్నం కల్లంలో మిరపకాయలు ఎండుతుండగా ఉన్నట్టుండి మబ్బు పట్టింది. అందరం పట్టాలు కప్పడానికి పరుగెత్తాం. బావి పక్కన నిలబడ్డ బావ చేతుల్లో అక్క పాపను పెట్టబోయింది. ఆయన చేతులు లేవలేదు. చూపు బావిలోనే ఉంది, మొహమంతా చెమట. పాప జారింది. నేను అందుకోకపోతే ఏమయ్యేదో.

“ఆడపిల్లనేగా మీకింత రోత?” అంది అక్క.

బావ అక్కడే చతికిలబడ్డాడు. “దాన్ని చూస్తే బావిలో పడేస్తానేమోనని ఆలోచన వస్తది. రాగానే లోపల ప్రార్థన మొదలెట్టాలి. మధ్యలో మళ్లీ ఆ ఆలోచన వచ్చిందా, మొదటికొస్తా. రోజంతా అదే నా పని.”

అక్క నా చేతుల్లోంచి పాపను లాక్కుని నాలుగడుగులు వెనక్కి వేసింది. చినుకులు మొదలయ్యాయి. కాయలు తడుస్తున్నా ఎవరూ కదల్లేదు. పాప తల మీద కొంగు కప్పి అక్క అడిగింది, “ఆ ఆలోచన వస్తే మీకెట్టా ఉంటది?”

“చచ్చిపోదామనిపిస్తది.”

ఆ వారమే అక్క ఆయన్ని గుంటూరులో మనోవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. “ఆ ఆలోచనకే ఇంత వణికిపోతున్నారు. ఇది జబ్బండి, మీ కోరిక కాదు. చర్చి ప్రార్థన మీ ఇష్టం. భయం పుట్టినప్పుడు చేసేది మాత్రం సగంలో వదిలెయ్యండి. అదే భయానికి మేత” అన్నాడాయన. మాత్రలు కూడా రాశాడు. సగంలో వదిలితే బిడ్డకేమన్నా అవుతుందని బావ చాలా రోజులు ఏడ్చాడు.

ఆఖరికి ఒకరోజు అక్క పాపను ఆయన ఒళ్లో పడుకోబెట్టి, “నీళ్లు పోసుకొస్తా” అని వెళ్లిపోయింది. నన్ను దగ్గరికి పోవద్దంది. గుమ్మంలోనే నిలబడ్డాను. బావ చూపు గోడ మీదికి పోయింది. పాప ఆయన చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది.

“మొదలైందమ్మాయ్. సగంలో ఉంది” అన్నాడు.

“వదిలెయ్యి బావా.”

బావ గోడ మీంచి చూపు తిప్పాడు. పాప వేళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. అక్క తడి జుట్టుతో వచ్చేసరికి పాప నిద్రపోయింది. బావ చెయ్యి దాని వీపు మీదుంది.

జబ్బు పూర్తిగా పోలేదు. ఏళ్ల తర్వాత కూడా అప్పుడప్పుడు ముద్ద దగ్గర ఆగేవాడు. “తినండి” అనేది అక్క, మామూలుగా. తినేవాడు. మాకు ఒక పంటకాలంగా గడిచిపోయిన ఆ నెలలు, మా మధ్యే కూర్చున్న ఆయనకు ఎంత పొడుగ్గా ఉండి ఉంటాయో ఇప్పటికీ నా ఊహకు అందదు.