బొమ్మ కింది వాక్యం

నా నోట్స్ యాప్‌లో అన్నీ మాటలే. ఒక పంక్తి కింద ఇంకో పంక్తి, అక్కర్లేనప్పుడు మడిచేయొచ్చు. జీగెన్ అనే ఈ జర్మన్ ఊళ్ళో కాపురం పెట్టినప్పటి నుంచి డాక్టర్ టెర్మిన్లు, అంటే అపాయింట్‌మెంట్లు, చెత్త తీసుకెళ్ళే రోజులు, పచ్చడి కొలతలు అందులోనే రాసుకుంటున్నాను. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు మాత్రం స్కానింగ్ ఫోటో కూడా అందులో ఉండాల్సిందేనని పట్టుబట్టాను. నేను పట్టుబడితే మా ఆయనకు వేరే దారి ఉండదు.

"ఫోటో నోట్స్ లోపలికి పోదు," అని చూపించాడు. "అది ఫోల్డర్ల ఉంటది. నువ్వు నోట్స్‌ల దాని పేరు రాస్తవ్. యాప్ ఆ పేరు ఎతికి తెచ్చి చూపిస్తది."

ఏం పేరు పెట్టాలని అడిగాడు. "పుట్టకముందు పేరు గీరు అనుకోకు బిడ్డా, మంచిది కాదు," అని మా అమ్మ ఫోన్‌లో అప్పటికే హెచ్చరించింది. అందుకని ఫోటోకు బుజ్జి అని పెట్టాం. శనగగింజంత మచ్చ. మూడో నెల చివర్లో దాని కిందే "గుండె చప్పుడు వినిపించలేదు" అని రాసుకున్నాను. ఆ నోట్‌ను మడిచేసి మళ్ళీ తెరవలేదు.

పోయిన చలికాలంలో మళ్ళీ నెల తప్పింది. ఈసారి స్కానింగ్ ఫోటోను మా ఆయనే కొత్త నోట్‌లో ఎక్కించాడు. బిడ్డ ఒక చేయి పైకెత్తి పడుకుని ఉంది.

తర్వాతి టెర్మిన్‌కు డాక్టర్ దగ్గర మా వంతు కోసం కూర్చున్నాం. అడగాల్సిన ప్రశ్నల కోసం యాప్‌లో "గుండె" అని వెతికాను. పాత నోట్ తెరుచుకుంది. అందులో చేయెత్తిన బిడ్డ, ఇప్పుడు నా కడుపులో ఉన్నది. దాని కింద నా మాటలే, గుండె చప్పుడు వినిపించలేదని.

లోపలికి వెళ్ళకముందే ఎవరో ఫలితం రాసిపెట్టినట్టు ఉంది. ఫోన్ మా ఆయన చేతిలో పెట్టాను.

"రెండిటికి ఒక్కటే పేరు పెట్టిన," అన్నాడు ఫోల్డర్ తెరిచి చూసి. "కొత్తది పాతదాని మీద పడ్డది. అంతే. భయపడకు."

"మరి పాతది?"

"పాతది లేదు."

అప్పుడే లోపలికి పిలిచారు. డాక్టరమ్మ కడుపు మీద జెల్ రాసి, తెర వైపు చూస్తూ పరికరాన్ని అటూ ఇటూ జరిపింది. కళ్ళు మూసుకున్నా నాకు ఆ వాక్యమే కనిపించింది. తర్వాత చప్పుడు మొదలైంది, గబగబా, గది నిండా. మా ఆయన ఏడ్చేశాడు. నాకు సంతోషం, దాని వెనకే భయం. పోయిందే మళ్ళీ వచ్చిందని మా అమ్మ అంటుంది. నాకు అలా అనుకోవడం ఇష్టం లేదు. వచ్చింది అదే అయితే, పోయింది ఎవరు?

ఇంటికి రాగానే పాత ముట్టర్‌పాస్ వెతికి తీశాను. ఇక్కడ గర్భిణులకు ఇచ్చే పుస్తకం అది. రెండో కాన్పుకూ పనికొచ్చేదే, నేనే మొండికేసి కొత్తది తీసుకున్నాను. దాని ప్లాస్టిక్ కవర్లో మొదటి స్కానింగ్ కాగితం దొరికింది. షాపు బిల్లుల్లాంటి కాగితమే, అచ్చు మొత్తం ఎగిరిపోయి, నున్నటి తెల్ల కాగితం మిగిలింది. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూశాను. మచ్చ కూడా లేదు.

ఆ సాయంత్రం ఫోల్డర్లోనూ కొత్త నోట్‌లోనూ కొత్త ఫోటో పేరు మార్చాను. పుట్టకముందే బిడ్డకు అసలు పేరు పెట్టేశాను, అమ్మకు చెప్పలేదు. పాత నోట్‌లోంచి చేయెత్తిన బిడ్డ మాయమైంది. ఫోటో ఉండాల్సిన చోట యాప్ ఇప్పుడు బుజ్జి అన్న మాటొక్కటే చూపిస్తోంది. నా మొదటి బిడ్డకు మిగిలింది అదొక్కటే, అది దాని పేరు కూడా కాదు.