గాలి దూరని గుడ్డ

ఏసీ లోపలి జాలిని, అదే ఫిల్టర్ని, వారానికోసారి కడిగితే చాలు బిడ్డా. మీ పుణెలో ఇంత దుమ్ముండదు కదా, పదిహేను రోజులకోసారైనా నడుస్తుంది. సబ్బు పెట్టి రుద్దకండి. నల్లా కింద వెనకవైపు నుంచి నీళ్లు పోనిచ్చి నీడకు ఆరబెట్టండి. మొన్న ఫోన్లో ఇంతే చెప్పి పెట్టేశాను. ఏసీకి ఏ ఫిల్టర్ మంచిదని కూడా అడిగారు మీరు. అప్పుడు ఓపిక లేకపోయింది. ఇప్పుడూ పెద్దగా లేదు గానీ, చెప్తాను.

మా వెనక గోడకు ఆనుకుని సాంచాల షెడ్డు ఉంది. మీరు మరమగ్గం అంటారే, అదే ఇక్కడ సాంచె. మీ తాత నలభై ఏళ్లు ఆ షెడ్డులోనే నేశాడు. పని మానేసినా నూలు దుమ్ము మానలేదు. కిటికీలోంచి వచ్చి పప్పుగిన్నె మూత మీద కూడా పడుతుంది. పోయిన ఎండాకాలం తాతకు దగ్గు ముదిరి, పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. కరీంనగర్ డాక్టరు ఛాతీ చూసి, కిటికీలు మూసి గది చల్లగా పెట్టమన్నాడు. మీ అమ్మ ఏసీ పెట్టించింది అప్పుడే.

ఒక వారం హాయిగా పడుకున్నాడు. తర్వాత మళ్లీ దగ్గు. ఏసీ మూత ఎత్తి చూస్తే లోపలి జాలి మీద నూగు దుప్పటిలా పట్టి ఉంది. దులిపాను. జాలి కన్నాల్లోంచి అవతలి గోడ కనపడుతోంది. ఇంత పలచని నేతలో దుమ్మేం ఆగుతుంది అనిపించింది. ఎంతైనా సాలోళ్ల ఇంటిదాన్ని. గుడ్డ మంచిదో కాదో చూడాలంటే ఎండకు పట్టి చూస్తాం, నోటితో ఊది చూస్తాం. వెలుగు రాకపోతే, ఊపిరి అవతలికి పోకపోతే గట్టి నేత. పెట్టెలో తాత నేసిన పాత దుప్పటి ముక్క ఉంటే తీశాను. తాత దాన్ని కంటికి దగ్గరగా పట్టుకుని పోగులు లెక్కపెట్టాడు. ఊది చూశాడు.

"ఇది పెట్టు. దీంట్లకెళ్లి దోమ గాదు, దాని నీడ గూడ పోదు," అన్నాడు.

జాలి కొలతకు కత్తిరించి, అంచు మడిచి కుట్టి, దాని బదులు లోపల బిగించాను. జాలిని ఎండలో పెట్టి వదిలేశాను. రెండు రోజులకు గాలి సన్నగిల్లింది. మూడో రోజు మధ్యాహ్నం ఏసీలోంచి మంచం మీద నీళ్లు కారాయి. తాత బనీను తడిసింది, ఆ తడికి దగ్గు ఇంకా ఎక్కువైంది. పక్క తీసి, తుడిచి, ఏసీ బాగుచేసే అతన్ని పిలిపించేసరికి నా నడుము పడిపోయింది. అతను మూత తీస్తే లోపలి గొట్టాల మీద మంచు గడ్డ కట్టి ఉంది. మా గుడ్డను రెండు వేళ్లతో పట్టుకుని కిందికి చూపించాడు.

"ఏందమ్మా గిది? మిషిన్ ముక్కు మూసిండ్రు గదా. అది గాలి పీల్చాలె, అప్పుడే సల్లగ ఇడుస్తది."

"గట్టి నేత గదా అని పెట్టినం," అన్నాను.

"నేత గట్టిదేనమ్మా. గందుకే గిట్లయింది."

తాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఏసీ అతనే చెప్పాడు, పాత జాలి ఎండకు చిట్లింది, కొత్తది కావాలి, కొలత కోసం దాన్నే తీసుకుపొమ్మని. జాలి లేకుండా ఏసీ వేయొద్దన్నాడు కూడా. అందుకే తాతను ఫ్యాన్ కింద కూర్చోబెట్టి, జాలిని సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. కరీంనగర్ దుకాణంలో మూడు రకాలు చూపించారు. మామూలు జాలి, బొగ్గు పూసిన నల్లది, దూదిలాంటి తెల్ల పట్టీ. ఏది మంచిదని అడిగితే దుకాణమాయన ఎదురడిగాడు.

"మీ ఇంట్ల బాధ దేనితోని పెద్దమ్మా? వాసనా, దుమ్మా?"

ఇది ముందు ఎవరూ అడగలేదు నన్ను. నాకూ అడగాలని తోచలేదు. కాగితంలో కట్టుకెళ్లిన నూగు విప్పి చూపించాను. అయితే నల్లది వద్దన్నాడు, అది వాసనకు. పెద్ద నూగు మామూలు జాలి మీదే ఆగుతుందట, కడుగుతూ ఉండాలంతే. సన్న దుమ్ముకు తెల్ల పట్టీ, అదీ మన ఏసీ కంపెనీ చెప్పిన రకమే, జాలి అంతా కప్పకుండా చెప్పిన చోటే పెట్టాలి. అది కడిగేది కాదు, నల్లబడితే మార్చేయాలి. మీరూ అట్లాగే చూసుకోండి. ముందు మీ ఇంట్లో ఏముందో చూడండి, తర్వాత ఫిల్టర్ చూడండి.

జాలీ పట్టీ రెండూ కొని తెచ్చి పెట్టించాను. అప్పట్నుంచి జాలి కడగడానికి ప్రతి ఆదివారం స్టూలెక్కుతున్నాను. మోకాళ్లు ఒప్పుకోవు. ఒకసారి గులాబీ నూగు, ఒకసారి పచ్చ నూగు, పక్క షెడ్డులో ఏ రంగు నేస్తే అది. తాత దాన్ని వేళ్ల మధ్య నలిపి, ఇది ఫలానా నంబరు నూలు అని చెప్తాడు. ఇంకా ఆ నూలేనా నీకు అని కసురుతాను.

దగ్గు తగ్గింది. మీ అమ్మకు అట్లాగే చెప్పాను, నాకూ అట్లాగే అనిపించింది. గదిలో కూర్చున్నంతసేపూ వినపడదు. కానీ మొన్న మధ్యాహ్నం పెరట్లో నల్లా చాలాసేపు పోతుంటే, ఎవరూ కట్టేయలేదా అని వెళ్లాను. బకెట్టు నిండి పొర్లుతోంది. తాత గోడకు చెయ్యి ఆనించి, తువ్వాల నోట్లో కుక్కుకుని వంగి ఉన్నాడు. వీపు అదురుతోంది. నన్ను చూసి తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"దగ్గు తగ్గిందా, నాకు ఇనబడకుంట దగ్గుతున్నవా?" అని అడిగాను.

"జాలి మంచిగ పనిజేస్తుంది. నువ్వు ఫికర్ జేయకు," అని నల్లా కట్టేసి లోపలికి పోయాడు.

నేను అడిగింది జాలి గురించి కాదు. తర్వాత రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే మాట. తగ్గిందా బిడ్డా, లేక నేను స్టూలెక్కి పడే పాట్లు చూడలేక నల్లా విప్పుకుని దగ్గుతున్నాడా?