పోశవ్వ తీసిపెట్టే పిడికెడు

మా ఊళ్లో పిండి గిర్ని నాది. జమ్మికుంట నుంచి వచ్చే ఆటోలు దాని ముందే ఆగుతాయి కాబట్టి ఊరి సంగతులన్నీ నా చెవిన పడాల్సిందే. గిర్ని చప్పుడుకు జనం రహస్యాలు కూడా అరిచే చెబుతారు. దేవుళ్ల విషయంలో నాకు పెద్ద పట్టింపు లేదు. పేరు హనుమండ్లే అయినా, గుడికి పోయేది మా ఆవిడ పోరు పడలేకే. అలాంటివాడిని చర్చికి పోయే పోశవ్వ గురించి చెప్పడానికి కూర్చున్నానంటే నాకే నవ్వొస్తోంది. అయినా చెప్పకుండా ఉండలేను.

పోశవ్వ జమ్మికుంటలో పత్తి మిల్లుకు కూలికి పోతుంది. పెళ్లయిన కొత్తలో బాప్తిస్మం తీసుకుంది. చర్చి అయ్యగారు వేరే పేరు పెట్టారట గానీ ఆ పేరుతో పిలిస్తే ఆమే పలకదు. అత్త రామవ్వ మాత్రం పోచమ్మను విడిచిపెట్టలేదు. ఒకే ఇంట్లో ఒక గోడకు సిలువ, ఎదుటి గోడకు పోచమ్మ పటం. ఆ గోడలకు ఎప్పుడూ తగాదా లేదు. తగాదా అంతా బియ్యం దగ్గరే.

వాళ్ల చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇల్లాలూ పిడికెడు తీసి చిన్న మట్టి గురిగిలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యమంతా చర్చిలో ఒకే సంచిలో పోస్తారు. ఎవరింట్లో కష్టముంటే ఆ గడపకు ఆ సంచి చేరుతుంది. ఎవరు ఎంత పోశారో, అది ఎవరింటికి పోయిందో పైకి అనుకోరు. పోశవ్వ పిడికిలి బిగించినప్పుడల్లా రామవ్వ గొణిగేది. పోశవ్వ మొగుడు మల్లేష్ అయితే నా గిర్ని ముందు కూర్చుని మరీ ఎగతాళి చేసేవాడు.

"మా ఆమె దేవునికి ఆకలెక్కువ అన్నా. నా కంచంల బువ్వ గుంజుకొని తింటడు."

తర్వాత మల్లేష్ దుబాయ్ పోయాడు. మా దిక్కు ఏ ఎడారి దేశం పోయినా దుబాయ్ అనే అంటాం. కొన్నాళ్లు ఫోన్లు బాగానే వచ్చాయి. ఆ తర్వాత బందయ్యాయి. పక్క ఊరి మనిషి సెలవు మీద వచ్చి అసలు సంగతి చెప్పాడు. కంపెనీ జీతాలియ్యక మల్లేష్ కల్లివెల్లి అయ్యాడట. అంటే పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే వదిలేసి, పోలీసులకు దొరక్కుండా దాక్కుంటూ ఏ పని దొరికితే ఆ పని చేసుకోవడం. ఆ తర్వాత ఏమయ్యాడో అతనికీ తెలియదు. జైల్లో పడ్డాడో, రోగమొచ్చి పడ్డాడో, అసలు బతికున్నాడో లేడో చెప్పేవాళ్లు లేరు.

పత్తి సీజన్ అయిపోయి మిల్లు కూడా మూతపడింది. ఒకరోజు పోశవ్వ బియ్యం పట్టించడానికి వచ్చింది. అత్తకు పళ్లు లేవు, జావ కాచి పోయాలట. ఆమె సంచి మూతి విప్పితే అందులో లావు బియ్యం, సన్న బియ్యం, నూకలు అన్నీ కలిసి ఉన్నాయి. పది ఇళ్ల బియ్యమని చూడగానే తెలిసింది. చర్చి సంచి ఈసారి ఈమె గడపకే వచ్చిందన్నమాట.  ఆమె నాకు సంచి ఇచ్చే ముందు అందులోంచి పిడికెడు తీసి కొంగున ముడేసుకుంది. అప్పుడిక నోరు ఊరుకోలేదు.

"ఏం పిల్లా, వాళ్లిచ్చింది మళ్ల వాళ్లకే ఇస్తవా?"

"మా ఆయనకు అక్కడ ఎవలో ఒకలు బువ్వ పెట్టాలె గదన్నా. నేను ఇక్కడ చెయ్యి ముడుచుకుంటే, అక్కడోళ్లను పెట్టుమని ఏ మొకంతోని అడుగుత?"

అంటూనే ఏడ్చింది. నాకేమో ఆడవాళ్లు ఏడిస్తే చిరాకు. "దేవుని మీద గంత నమ్మకమున్నోళ్లకు ఏడుపెందుకు?" అన్నాను.

"నమ్మకమున్నది గాబట్టే దేవుని ముందట ఏడుస్తున్న. గది గూడ లేకుంటే ఎవల ముందట ఏడ్వాలె అన్నా?"

నేను గిర్ని స్విచ్చి వేశాను. 

ఒక సోమవారం పోశవ్వ మొగుణ్ణి వెతికించమని అర్జీ ఇవ్వడానికి కరీంనగర్ కలెక్టరాఫీసుకు పోయింది. పట్టిన పిండి ఇద్దామని నేను వాళ్లింటికి పోయాను. రామవ్వ పొయ్యి ముందు కూర్చుని ఉంది. చాటలోంచి పిడికెడు బియ్యం తీసింది.  పోచమ్మ పటం వైపు ఒకసారి చూసి, ఆ పిడికెడూ తీసుకుపోయి సిలువ కింద ఉన్న గురిగిలో వేసింది.

"నువ్వు గూడనా అవ్వా?"

"కోడలు ఇంట్ల లేదని ఆపుతనా? నా కొడుకు ఆకలి ఆగుతదా?"

 పిండి అక్కడ పెట్టి వచ్చేశాను.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం ఆటో దిగిన మనిషిని నేను పోల్చుకోలేదు. "హనుమండ్లన్నా, గిర్ని మంచిగ నడుస్తుందా?" అన్న గొంతు విని లేచి నిలబడ్డాను. మల్లేష్. బట్టల్లో మనిషి ఉన్నట్టే లేడు. కాగితాల్లేనివాళ్లకు అక్కడి సర్కారు క్షమాభిక్ష పెడితే బయటపడ్డాడట. గిర్ని బంద్ చేసి అతని సంచి నేనే పట్టుకుని ఇంటికి తీసుకుపోయాను.

పోశవ్వ బియ్యం చెరుగుతోంది. మొగుణ్ణి చూసి లేవబోయి, చాట ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. రామవ్వ కొడుకు ముఖమంతా తడిమింది. "ఎట్ల బతికినవు బిడ్డా?" అంది.

"ఒక గల్లీల ఎవలదో ఇంటి గేటుకు సంచి ఏలాడేది అవ్వా. పొద్దుగాల పోతే అండ్ల రొట్టెలుండేవి. నా అసొంటోళ్లందరం తీసుకునేది. గా రొట్టెలే లేకుంటే సచ్చిపోతుంటి."

"ఎవలు పెడుతుండ్రి?"

"ఒక్కనాడన్న కనవడలే. పేరు గూడ తెల్వది."

నేను పోశవ్వ వైపు చూశాను. 'చూసినవా అన్నా' అంటుందనుకున్నాను. నేనైతే ఊరంతా దండోరా వేయించేవాణ్ణి. ఆమె కళ్లు తుడుచుకుని, "గా ఇంటోళ్లు సల్లగుండాలె" అని మాత్రం అంది. ఎసరు కాగుతోంది. అలవాటుగా పిడికెడు తీసి గురిగిలో వేసింది.

"ఆగు" అంటూ మల్లేష్ లేచాడు. మళ్లీ పాత ఎగతాళే మొదలుపెడతాడనుకున్నాను. అతను చాటలో చెయ్యి పెట్టి తనూ పిడికెడు బియ్యం తీసుకున్నాడు. గురిగి మీదికి వంగాడు. ఆ గేటుకు వేలాడిన సంచి గుర్తొచ్చిందో ఏమో, పిడికిలి విప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది.