నా కూతురి అరచేతులకు నేను పూసిన నూనె

ఎంసెట్‌కి ముందు నా కూతురి రెండు అరచేతులకూ జీడిపిక్కల నూనె పూసింది నేనే. ఆ చేతులు బొబ్బలెక్కాయి. ఎలా కాలాయని పరీక్ష కేంద్రంలో అడిగితే పిల్ల అబద్ధం చెప్పింది. నేను పక్కనే నిలబడి ఊరుకున్నాను.

తప్పు ఇదీ. మిగతాది ఇప్పుడు చెబుతాను.

మాది పలాస దగ్గర ఒక ఉద్దానం ఊరు. కాస్త జీడితోట, నాలుగు కొబ్బరి చెట్లు. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కాల్చే బట్టీ దగ్గర నా వయసంతా గడిచింది. బడికి వెళ్లింది తక్కువ. పప్పు డబ్బాల మీద అచ్చుగుద్దిన అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చాను. తర్వాత గ్రంథాలయంలో ఏ పేపరు దొరికితే అది చదివేవాణ్ని. ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నవాడికి ఒక పొగరు ఉంటుంది, నాకూ ఉండేది. రోడ్డు మీద గొయ్యి పడితే అర్జీ, రేషన్ బియ్యంలో రాళ్లుంటే అర్జీ. ఎవరి తప్పు కనబడినా వదిలేవాణ్ని కాదు.

తొంభైల ఆఖరులో, మా చిన్నమ్మాయి దమయంతి తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో, ఏదో తేడాగా ఉందని మొదట ఫ్యాక్టరీలోనే తెలిసింది. వేసవి సెలవుల్లో వాళ్లమ్మ పారమ్మతో కలిసి పప్పు మీద పొట్టు తీయడానికి వచ్చేది. ఒకరోజు మేస్త్రీ దాని ముందున్న చేట ఎత్తి చూపించాడు.

"పారమ్మొదినా, నీ గుంటని నూతిలోంచి తీసి తెచ్చినావేటి? పప్పంతా తడిపీసినాది. తడి పప్పు నల్లబడిపోద్ది, ఓనరు నన్ను తంతాడు!"

ఆడవాళ్లంతా నవ్వారు. దమయంతి చేతులు పరికిణీకి తుడుచుకుంది. నేను చూస్తుండగానే అరచేతిలో మళ్లీ సన్నటి నీటిచుక్కలు లేచాయి. "ఎండలకి సెమట పట్టదేటి?" అని నేనూ నవ్వేశాను.

ఎండ పోయింది, చలి వచ్చింది. చెమట పోలేదు. నోటుపుస్తకం మీద చేతి కింద ఎప్పుడూ ఒక రుమాలు ఉండేది. అది లేకపోతే సిరా అలికిపోయేది. ఆటల్లో చేతులు పట్టుకోవాల్సి వస్తే పిల్లలు దీన్ని వదిలేసేవారు. ఇవన్నీ నేను చూశాను. చూసి, దానికి భయం అని పేరు పెట్టాను.

ఇంటర్ టెక్కలిలో చదివింది. పశువుల డాక్టరు కావాలని దాని కోరిక. మా ఇంట్లో మేక ఈనలేక రాత్రంతా అరిచి చనిపోయిన నాటి నుంచీ ఆ ఒక్క మాటే. దానికి ఎంసెట్ రాయాలి. కోచింగ్‌లో మాదిరి పరీక్ష పెట్టారు. ఓ.ఎం.ఆర్. షీట్ అంటారు కదా, చిన్న చిన్న గుండ్రాలను పెన్సిల్‌తో నల్లగా నింపే కాగితం. దమయంతి షీట్ తడిసి, ఉబ్బి, ఒకచోట చిరిగింది. లెక్చరర్ దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇదేటమ్మా, భావనపాడు చేపలరేవు నుంచి ఇప్పుడే దించినారా? ఉప్పేసి ఎండబెట్టీమంటావా?"

క్లాసంతా పగలబడి నవ్విందట. అది ఆ పూట అన్నం తినలేదు. పారమ్మ బతిమాలి బతిమాలి సంగతి రాబట్టింది. ఆ లెక్చరర్ మీద ఈనాటికీ నాకు మంటే. చదువు చెప్పేవాడు అనే మాటేనా అది? కానీ ఆ సాయంత్రం ఇంట్లో నేను చేసిందేమిటి?

"ఎందుకే అంత భయం నీకు? ఎవులు కొడతారని?" అని గద్దించాను.

"భయానికి సెమట కాదు నాన్నా. సెమట పట్టినాక భయమేస్తంది" అంది.

ఆ మాట నా చెవికెక్కలేదు. చాలా నెలల తర్వాత ఒక డాక్టరమ్మ ఇంచుమించు అదే మాట చెప్పింది. ఆవిడ చెబితే తల ఊపి విన్నాను.

ఊళ్లో ఆర్.ఎం.పి.కి చూపించాం. "వీక్‌నెస్" అన్నాడు, బలానికి ఇంజక్షన్ ఇచ్చాడు. ఇంజక్షన్ చేసినంత సేపూ పిల్ల చేతుల్లోంచి నేల మీదికి చుక్కలు రాలుతూనే ఉన్నాయి.

అప్పుడు నా తెలివి పనిచేసింది. ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేవాళ్ల అరచేతులు నల్లగా, మొద్దుగా, ఎండిన తోలులా ఉంటాయి. నావీ అంతే. బట్టీ మంట ముందు ఒళ్లంతా తడిసిపోయినా అరచేయి మాత్రం పొడిగానే ఉండేది. ఇదంతా పిక్క పెంకులోంచి కారే నల్లటి నూనె మహిమ అని, అది చెమట రంధ్రాలను మూసేస్తుందని నాకు నేనే సిద్ధాంతం కట్టుకున్నాను. ఆ నూనె ఒంటికి తగిలితే కాలుతుందని ఉద్దానంలో పాలు తాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు. నాకూ తెలుసు. కొబ్బరినూనెలో కలిపితే పదును తగ్గుతుందనుకున్నాను.

గిన్నె చూసి పారమ్మ అడ్డం వచ్చింది. "ఓలయ్యా, మతి పోనాదేటి నీకు? నాను బూడిద పూసుకోకండా పిక్క ముట్టుకోను. అది పెన్సిలు పట్టుకునే సెయ్యి!"

"నీకేటి తెలుసు? సగానికి సగం కొబ్బరినూనె కలిపినాను."

దమయంతి మా ఇద్దరినీ చూసింది. చూసి, రెండు చేతులూ నా ముందుకు చాపింది.

"పూసీ నాన్నా. పరీచ్చ నాటికి ఎండితే సాలు."

పూశాను. వేళ్ల సందుల్లో కూడా వదలకుండా, శ్రద్ధగా పూశాను.

మర్నాడు దురద. ఆ మర్నాటికి అరచేతులు ఎర్రగా వాచాయి. వేళ్ల మధ్య నీటి బొబ్బలు లేచాయి, చిట్లాయి. ఆ పుళ్ల మీదే పరీక్ష వచ్చింది. ఆర్.ఎం.పి. మందు రాసి గుడ్డ కట్టు కట్టాడు. శ్రీకాకుళం వెళ్లే బస్సులో దమయంతి రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, ఎవరి బిడ్డనో ఎత్తుకున్నట్టు కూర్చుంది.

పిల్ల లోపలికి వెళ్లాక నేను గేటు దగ్గర నిలబడ్డాను. గంట కొట్టిన కాసేపటికి అటెండరు వచ్చి నన్ను పిలిచాడు. చీఫ్ సూపరింటెండెంట్ గదిలో దమయంతి నిలబడి ఉంది. పక్కన ఇన్విజిలేటర్.

"కట్టు విప్పమంటే విప్పట్లేదు సార్. లోపల స్లిప్పులేవో ఉన్నాయి" అంటున్నాడాయన.

నేను అందుకున్నాను. ఆ గది దద్దరిల్లింది. "రోగంతో ఉన్న గుంటని దొంగని సేత్తారా? మీకు పిల్లలు నేరా? అటు లోపల గంట కొట్టీసినారు, ఇది ఇక్కడ నిలబడాలా? నాను కలెక్టరు కాడికెల్తాను!"

చీఫ్ పెద్దాయన, నెమ్మదస్తుడు. నన్ను కూర్చోమని చేత్తో సైగ చేసి, పిల్లనడిగాడు. "చేతులకి ఏమైందమ్మా?"

నా నోరు మూతపడింది.

"యేడి గంజి ఒలికిపోనాదండి. వారుత్తుంటే" అంది దమయంతి. నా వైపు చూడలేదు. పళ్లతో ముడి లాగి కట్టు విప్పింది. లోపల స్లిప్పుల్లేవు. ఉన్నదేమిటో అందరూ చూశారు. ఇన్విజిలేటర్ తల తిప్పుకున్నాడు. "వెళ్లి రాసుకోమ్మా" అన్నాడు చీఫ్, గొంతు తగ్గించి.

రాసింది. మళ్లీ చుట్టుకున్న కట్టు లోపల చెమట పట్టి, గుడ్డ తడిసి, ఆ తడి షీట్‌కి దిగింది. తడి కాగితం మీద పెన్సిల్ నల్లగా పడదు. రబ్బరుతో చెరిపితే చిల్లి పడింది. ర్యాంకు వచ్చాక తెలిసింది, దానితో ఏ సీటూ రాదని.

నేను ఊరంతా తిరిగి చెప్పాను, పరీక్ష కేంద్రంలో నా పిల్లని దొంగని చేశారని. అర్జీ కూడా పెట్టాను. ఆ అర్జీలో "వేడి గంజి పడి చేతులు కాలిన నా కుమార్తె" అని నా చేత్తో రాశాను. దమయంతి అదంతా వింటూ వేళ్లు మడిచి తెరిచి చూసుకునేది.

పుళ్లు పైకి మానినట్టు కనిపించాక విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. స్కిన్ ఓ.పి.లో ఒక డాక్టరమ్మ చూసింది. థైరాయిడ్, షుగర్ టెస్టులు రాసింది, రెండూ నార్మల్. "ప్రైమరీ పామర్ హైపర్‌హైడ్రోసిస్, అరచేతులకి అతిగా చెమట పట్టే జబ్బు" అంది. "చెమట గ్రంథులకి వెళ్లే నరాలు అవసరం లేకపోయినా పనిచేస్తుంటాయి. భయం వల్ల వచ్చిన జబ్బు కాదు ఇది. చెమట పడుతోందని భయం, ఆ భయంతో ఇంకాస్త చెమట. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

లేదన్నాను. అన్నాక మా అమ్మ చెయ్యి గుర్తొచ్చింది. నన్ను నడిపించుకు వెళ్తుంటే ఎప్పుడూ చల్లగా, తడిగా ఉండే చెయ్యి. నీళ్ల పని చేసి వచ్చిందేమో అనుకునేవాణ్ని.

"ఈ మచ్చలేమిటి?" అని అడిగింది డాక్టరమ్మ.

"గంజండి" అంది దమయంతి. నేను గోడ మీది పోస్టరు చదువుతున్నట్టు నటించాను.

అల్యూమినియం క్లోరైడ్ లోషన్ రాసిచ్చింది. పడుకునే ముందు పొడి చేతులకి రాసి, పొద్దున్నే కడగాలి. రాసిన మొదటి రోజే మా పిల్ల ఏడ్చింది. బొబ్బలకి ఏడవలేదు, చీఫ్ గదిలో ఏడవలేదు, ఆ లోషన్‌కి కుక్కి మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. పచ్చి చర్మం మళ్లీ లేచిపోయింది. మళ్లీ విశాఖ పరుగెత్తాం.

డాక్టరమ్మ చేతుల్ని ఇటూ అటూ తిప్పి చూసి, నన్ను చూసింది. "గంజి ఒలికితే చేతి వెనక కూడా పడుతుంది. ఇది ఎవరో కూర్చుని పూసినట్టుంది. ఏం పూశారు?"

చెప్పాను. జీవితంలో మొదటిసారి తలెత్తకుండా మాట్లాడాను.

"ముందే చెబితే చర్మం పూర్తిగా మానేవరకూ ఆ లోషన్ ఇచ్చేదాన్ని కాదు. రెండోసారి కాలింది మీరు దాచినందుకే" అంది. గట్టిగా కూడా అనలేదు.

చర్మం గట్టిపడ్డాక మళ్లీ మొదలుపెట్టారు. ఒకరోజు అయోడిన్ పూసి, ఆరనిచ్చి, పైన పిండి చల్లారు. చెమట పుట్టిన చోటల్లా నీలం నలుపుగా తేలింది. అరచేయి అంతా నల్లబడింది. నేను పూసిన నాటిలాగే ఉంది. నేను బయటికి వచ్చేశాను. ఒక మాత్ర ఇచ్చారు కానీ నోరు పిడచకట్టుకుపోతే ఆపేశారు. ఆపరేషన్ ఒకటి ఉంది కానీ తర్వాత వీపంతా చెమట పట్టే ప్రమాదం ఉందట, ఇప్పుడే వద్దంది డాక్టరమ్మ. ఆఖరికి అయాంటోఫోరెసిస్ పనికొచ్చింది. రెండు పళ్లేల్లో మామూలు నీళ్లు, అందులో చేతులు, నీళ్లలో సన్నటి కరెంటు. చీమలు పాకినట్టుంటుందనేది. పలాస నుంచి ప్యాసింజర్ బండిలో వెళ్లి వచ్చేవాళ్లం. చెమట పూర్తిగా పోలేదు. కారేది కాస్తా తేమగా మారింది.

మరుసటి ఏడాది డాక్టరమ్మ సర్టిఫికెట్ ఇచ్చింది. దాన్ని ముందుగానే చూపిస్తే పరీక్షలో రుమాలు, చేతి కింద అద్దుడు కాగితం అనుమతించారు. ఎంసెట్ కొంచెంలో తప్పింది. అప్పుడే రాసిన టీచర్ ట్రైనింగ్ పరీక్షలో సీటొచ్చింది. పశువుల డాక్టరు కాలేదు. మొదటి ఏడాది చేతులు బాగుంటే అయ్యేదేమో, ఎవరు చెప్పగలరు? నేనైతే అయ్యేదనే అనుకుంటాను.

ఇప్పుడు మూలపేట వైపు ఒక బడిలో టీచరు. వేసవిలో ఇప్పటికీ చేతులు తడుస్తాయి. భుజాన చిన్న తువ్వాలు ఉంటుంది. "సుద్దముక్క పొడి నాకు పౌడర్ నాన్నా, గవర్నమెంటే ఇస్తంది" అని నవ్వుతుంది.

ఇది చదివే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. ఇంట్లో ఏం పూసినా, ఏం తాగించినా, అది ఎంత సిగ్గుపడే పనైనా, డాక్టరు అడగకముందే పేరుతో సహా చెప్పేయండి. మీ పరువు పోతే పోనీయండి, పిల్లల చర్మం మిగులుతుంది.

ఇదంతా రాయవచ్చా అని దమయంతిని మొన్న అడిగాను. పరీక్ష పేపర్లు దిద్దుతోంది, చేతి కింద తువ్వాలు మడతపెట్టి ఉంది. రాసుకోమంది. అప్పుడు ఇన్నేళ్లుగా అడుగుతున్నది మళ్లీ అడిగాను. ఆ చీఫ్ గదిలో గంజి అని ఎందుకు చెప్పావమ్మా, నా పేరు చెప్పలేకపోయావా? ఎప్పుడడిగినా "పోనీ నాన్నా" అని లేచిపోయేది. ఈసారి లేవలేదు. ఎర్ర కలం పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, నా వైపు తిరిగింది.

"ఆ గదిలో నా తరపున అరిసినోడివి నువ్వొక్కడివే నాన్నా. నిజం సెప్పీసుంటే నువ్వూ తల దించీసి కూకుందువు. అప్పుడు నాకోసం అరవడానికి ఎవులున్నారు?"