చెప్పుల స్టాండులో సర్వరు

ఈ ఉదయం ప్రెస్సులో కంప్యూటరు ఆరువందల పేజీల నిఘంటువును తెరవనంది. నెలనెలా అద్దె కట్టే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో పాత ఫైళ్లు చెల్లవట. రేపే అచ్చు.

పేజీలు కట్టే ఆమెకు ఒళ్లు మండిపోయింది. వద్దు మొర్రో అంటున్నా ఆ అద్దె సాఫ్ట్‌వేర్ తెచ్చింది యజమానే.

"అమ్మా, మీ ఇంట్లో ఫైళ్లు దాచే ఆ డబ్బా ఉంది కదా..." నసిగాడాయన.

"చెప్పుల స్టాండులో సర్వరేమిటని నిన్నటిదాకా ఇకిలించారు కదండీ! ఇవాళ నెత్తిన పెట్టుకుంటారా?"

ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకునేలా ప్రతి పేజీ నకలూ ఆమె రోజూ అందులో దాస్తూ వచ్చింది. మూడేళ్ల చాకిరీ తనది కనుక ఆ నకళ్లు తెచ్చిచ్చింది, ఆయన మీద జాలితో కాదు.

నిఘంటువు తెరుచుకుంది. మధ్యాహ్నానికి ప్రెస్సులోని నాలుగు కంప్యూటర్లలో మూడింటి నుంచి ఆ అద్దె సరుకు పీకేసింది. నాలుగోది యజమానిది. దాన్ని ఆయన చేతే పీకించింది.