వాకిట్లో చెంబెడు నీళ్ళు

ఇంగ్లండులో నెలన్నర ఉన్నానని ఆర్మూరులో ఎవరితోనైనా అంటే, లండన్ ఎట్లుంటదని అడుగుతారు. లండన్ మొహం నేను చూడలేదు. నేనున్నది మన ఆలూరంత ఊరు. ఒక రాతి వంతెన, ఒక చర్చి, రెండు బేకరీలు, వారానికొక అంగడి. సాయంత్రం ఐదు దాటితే బజారులో కుక్క కూడా కనబడదు.

అది ఎనభైల చివరి మాట. అప్పుడు గల్ఫ్‌లో ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఇంట్లో వంట చేసేవాణ్ణి. ఆయన తల్లి కాలు విరిగి, కట్టు విప్పి, మళ్ళీ నడక నేర్చుకుంటున్న ఎండాకాలం అది. సెలవు మీద పోతూ సారు నన్ను కూడా తీసుకుపోయాడు. ముసలమ్మకు వండిపెట్టడం, చేయి పట్టి నడిపించడం నా పని. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, మాట మహా కటువు. నా పప్పుచారు వాసనకు ఇంటి కిటికీలన్నీ తెరిపించింది. తరవాత రెండు గిన్నెలు తాగింది.

తీరిక దొరికితే సారు మమ్మల్ని కారులో ఎక్కించుకుని చుట్టుపక్కల పాత కట్టడాలు చూపించేవాడు. గుట్ట మీద కోట ఒకటి. డిచ్‌పల్లి ఖిల్లా రామాలయం చెక్కడాలు చూసిన కళ్ళకు ఆ కోట ఆనలేదు. ఇంకోచోట సన్యాసులు ఉండి పోయిన మఠం. కప్పు లేదు, గోడలే మిగిలాయి, లోపల పచ్చగడ్డి. అక్కడ చూపించేవాడు ఒక సన్యాసి దయ్యం ఇప్పటికీ తిరుగుతుందని చెబుతుంటే జనం పకపకా నవ్వుతూ, ఏ వేళకు వస్తుందని అడుగుతున్నారు. నాకు ఒళ్ళు మండింది. మన దగ్గర దయ్యం పేరెత్తితే నిమ్మకాయలు, ఎర్రనీళ్ళు, భూతవైద్యుడు, ఇల్లంతా అతలాకుతలం. వీళ్ళు టికెట్ పెట్టి మరీ సాకుతున్నారు! అందరితో పాటు నేనూ నవ్వాను గాని, బయటికొచ్చేదాకా గోడల నీడలో అడుగు పెట్టలేదు.

నా భయానికి కారణం నా తమ్ముడు.

గల్ఫ్‌కు పోయే ముందు నిజామాబాద్‌లో ఏజెంటు దగ్గరికి బయలుదేరాను. పందొమ్మిదేళ్ళ వాడు బస్టాండుదాకా వెంటపడ్డాడు. "అన్నా, జర నన్ను గూడ తోల్కవో" అని ఒకటే పోరు. పుట్టినప్పటి నుంచీ నా వెనకాలే తిరిగినవాడు. ఆ రోజు నాకు విసుగొచ్చింది. "నా ఎంబడి రాకురా! ఎన్నిసార్లు చెప్పాలె?" అని నలుగురిలో అరిచాను. వాడు తల దించుకుని నిలబడిపోయాడు. అటునుంచి అటే దోస్తులతో పోచంపాడు కాలువలో ఈతకు పోయాడట. సాయంత్రం నేను బస్సు దిగేసరికి వార్త నాకన్నా ముందే ఇంటికి చేరింది.

పెళ్ళికాని వాడు గనుక వాగు ఒడ్డున పూడ్చిపెట్టాం. వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొచ్చాం. మా ఇద్దరినీ పెంచి పెద్ద చేసిన అక్క నీళ్ళ గోలెం దగ్గర నిలబడి అందరి కాళ్ళకూ చెంబుతో నీళ్ళు పోసింది. కడుక్కోకుండా గడప దాటితే పోయినవాళ్ళు వెంట వస్తారని మా నమ్మకం. నేను మూడుసార్లు పోయించుకున్నాను, మడమలు రుద్దుకున్నాను. నీళ్ళలో పోయినవాణ్ణి నీళ్ళతోనే వాకిట్లో ఆపేశాను. పదకొండో రోజు దాటగానే విమానం ఎక్కాను. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. వాడివి నిజంగానే పెద్ద కళ్ళు.

ఇంగ్లండులో నా ఖర్మకు, చర్చికి పోయే దారి సమాధుల మధ్య నుంచే. జనం ఆ రాళ్ళకు ఆనుకుని రొట్టె తింటారు. ప్రతి ఆదివారం ముసలమ్మను నడిపించుకుపోయేవాణ్ణి. ఆమె చర్చి గోడకు చెక్కిన పేర్లలో ఒకదాన్ని వేలితో తడిమేది. తిరిగి రాగానే ఆమెను లోపల కూర్చోబెట్టి, నేను బయటికొచ్చి, పూలకుండీలకు నీళ్ళు పోసే డబ్బా ఎత్తి కాళ్ళ మీద గుమ్మరించుకునేవాణ్ణి.

మూడో ఆదివారం ఆమె పట్టుకుంది. మెట్టు మీద వారం వారం ఈ మడుగేమిటని గద్దించింది. కప్పు కారుతోందనుకుందట. వచ్చీరాని ఇంగ్లీషులో మా ఆచారం చెప్పాను.

"నీ వెంట ఎవరు వస్తారని భయం?" అంది.

"నా తమ్ముడు."

 అప్పుడు చెప్పింది. గోడ మీది ఆ పేరు ఆమె తమ్ముడిదే. యుద్ధంలో ఓడతో పాటు మునిగిపోయాడు, శవం దొరకలేదు. "నలభై ఏళ్ళు దాటింది. ప్రతి ఆదివారం పోయి వస్తున్నాను. ఒక్కనాడూ నా వెంట రాలేదు."

మరుసటి ఆదివారం తిరిగొచ్చేసరికి డబ్బా అక్కడ లేదు. పొద్దున్నే ఆమె దాచేసింది. "ఈ రోజు కడుక్కోకు" అని లోపలికి నడిచింది. తలుపు వేయబోతే, "కాసేపు ఉండనీ" అంది. తలుపు మీది చేయి తీశాను. మొదటిసారి వెనక్కి తిరిగి చూశాను. దారి ఖాళీగా ఉంది. ఎవరైనా ఉంటే భయపడేవాణ్ణేమో. ఎవరూ లేకపోయేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

తొంభైల మొదట్లో సెలవు మీద ఇంటికొచ్చాను. పసుపు అమ్మకాల కాలం, బస్టాండు నుంచే ఊరంతా పసుపు ఘాటు. ఇల్లు చేరగానే సంచి పెట్టి వాగు ఒడ్డుకు పోయాను. అన్నేళ్ళలో అదే మొదటిసారి. మట్టి కుప్ప సగం కరిగి, గడ్డి మొలిచింది. చెప్పులు విడిచి కూర్చున్నాను.  "రారా, ఇంటికి పోదాం" అన్నాను.

అక్క ఇంటి ముందు చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"ఏడికి పోయినవ్ తమ్మీ?"

"వాని దగ్గరికి."

ఆమె గబుక్కున లేచి చెంబు ముంచుకొచ్చింది.

"వద్దక్కా. నేను కడుక్కోను."

తిడుతుందనుకున్నాను. అక్క నా మొహం చూసింది. చెంబులో నీళ్ళు మందార చెట్టు మొదట్లో పోసింది.

"గా దినం అందరికి పోసిన గని, నేను కడుక్కోలె" అంది. "వాడు నా ఎంబడే ఇంటికొచ్చిండు. ఇన్నేండ్లు ఈడనే ఉన్నడు. నువ్వు భయపడ్తవని చెప్పలె."

నేను చెప్పులు విడిచాను.

"లోపటికి రా, ఎండల నిలబడ్డవు" అంది.

తలవంచి గడప దాటాను. నా వెనక తలుపు వేయలేదు.